నూటికి నలభై వంతుల ఇల్లు

“ఇకనుంచి శుక్రవారం చేపా చిప్స్ బంద్,” అంటూ జానిస్ ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద ఇంకో గీత కొట్టింది.

“అది కూడానా అక్కా?”

“కూడానే. ఇల్లు కావాలా, చిప్స్ కావాలా?”

లోర్నా జానిస్ చెల్లెలు. ఆమెకి ముప్పై ఏడేళ్లు, ఇంగ్లండ్‌లోని రోథరమ్‌లో కళ్లజోళ్ల దుకాణంలో పని. అమ్మ పోయాక ఆ ఊరి కౌన్సిల్ వాళ్ల అద్దె ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు. తనకంటూ ఓ గూడు ఉండాలని లోర్నా నాలుగేళ్లుగా కూడబెడుతోంది. పూర్తి ఇల్లు కొనే తాహతు లేదు కాబట్టి వాటా ఇల్లు చూసుకుంది. ఫ్లాట్‌లో నూటికి నలభై వంతులు తను కొనుక్కుంటుంది. మిగతా అరవై హౌసింగ్ సంస్థవే, వాటికి నెలనెలా అద్దె కడుతుంది. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకాస్త వాటా కొనుక్కోవచ్చు.

ఈ సంగతి మొదట విన్నప్పుడు జానిస్, ఆ అరవై వంతుల మనిషి ఏ గదిలో పడుకుంటాడని అడిగింది. గురక పెడతాడేమో కనుక్కోమంది కూడా. అది మనిషి కాదు, సంస్థ అని నచ్చజెప్పేసరికి లోర్నాకి తల ప్రాణం తోకకొచ్చింది.

అర్థమయ్యాక మాత్రం అక్క పొదుపంతా తన నెత్తిన వేసుకుంది. బయట కాఫీ మాన్పించింది, టీవీ చానెళ్లు తీయించింది, స్వెటర్ మీద స్వెటర్ తొడిగించి హీటర్ ఆపేసింది. వారంవారం ఖర్చులు చూసి, అయిదు పౌండ్లు తేడా వస్తే పోలీసులా నిలదీసేది. బడిలో మూడొందల మంది పిల్లలకి కొలిచినట్టు వడ్డించే మనిషి మరి.

అక్క అంత తాపత్రయపడేకొద్దీ లోర్నాకి లోపల పీకుతుండేది. పెళ్లీ గిళ్లీ అనుకోకుండా, మంచాన పడ్డ అమ్మకి చాకిరీ చేసింది అక్కే. రేపు తను తాళంచెవులు పుచ్చుకుని వెళ్లిపోతే ఆ మనిషి ఎవరితో మాట్లాడుతుంది, ఎవరితో పోట్లాడుతుంది?

బ్యాంకు అప్పు పోగా, లాయరు ఖర్చులతో కలిపి తొమ్మిది వేల పౌండ్లు చేతిలో ఉండాలి. శుక్రవారంలోగా చూపించకపోతే ఫ్లాట్ వేరేవాళ్లకి పోతుంది. గురువారం సాయంత్రానికి లోర్నా దగ్గరున్నది ఎనిమిది వేల నూరు. నిజం చెప్పాలంటే, ఆ తొమ్మిది వందలు తక్కువైనందుకు ఆమెకి ఏడుపు ఎంతొచ్చిందో ఊరటా అంతే కలిగింది.

“వదిలేద్దాం అక్కా. నిన్నొక్కదాన్నీ ఇక్కడ పెట్టి వెళ్లడానికి నాకు మనసొప్పడం లేదు. నీతోనే ఉండిపోతాను.”

జానిస్ మొహం పాలిపోయింది. చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టి, చకచకా మేడ మీదికి వెళ్లి ఓ కవరు తెచ్చి చెల్లెలి ముందు పడేసింది. కవరు మీద అక్క గుండ్రటి అక్షరాలతో ‘డిపాజిట్’ అని రాసుంది. లోపల వెయ్యి పౌండ్లు.

లోర్నా వెక్కివెక్కి ఏడ్చింది. తీసుకోనని మొండికేసింది. తీసుకోకపోతే తనే ఆఫీసుకెళ్లి కట్టేస్తానని జానిస్ బెదిరించింది. ఒంటరిగా ఎలా ఉంటావంటే, నిక్షేపంలా ఉంటానంది.

చివరికి తీసుకుని, మర్నాడు పొద్దున్నే డబ్బు చూపించింది. మధ్యాహ్నం హౌసింగ్ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఫ్లాట్ లోర్నాదే. దుకాణం వెనక గదిలో కూర్చుని ఆమె అయిదు నిమిషాలపాటు ఊరికే ఊపిరి పీల్చుకుంది. గుండెల మీది బరువు సగం దిగింది. మిగతా సగం దించుకోవడానికి ఇంటికి రాగానే అక్క చేతులు పట్టుకుంది.

“నీ కడుపు మాడ్చుకుని దాచిన డబ్బు అక్కా. నెలనెలా తీర్చేస్తాను. ప్రతి ఆదివారం వచ్చి నీతోనే ఉంటాను, సరేనా?”

జానిస్ చేతులు విడిపించుకుని జుట్టు సర్దుకుంది. యాభై నాలుగేళ్ల మనిషికి చెవులదాకా సిగ్గు ముంచుకొచ్చింది.

“ఆదివారాలొద్దులేవే పిచ్చిదానా,” అంది. “నీ గది ఖాళీ కాగానే వచ్చి చేరడానికి నా డెరెక్ కట్టిన డిపాజిట్ అది.”