కుడిచేతి వేళ్లు

“భయమైతుందా అక్కా?” వెనక నుంచి అడిగింది ప్రాచి మేడమ్.

“అయితుంది మేడమ్. మధ్యల వేళ్లు ఆగిపోతయేమో అని,” అంది వత్సల.

“తప్పులు పోతే పోనీ. నేను చూసుకుంట. తల తిప్పకు, వాయిస్తనే ఉండు.”

కళ్ల ముందు చిన్న కీబోర్డు పెట్టారు. పైనుంచి దీపాల వెలుగు. ఏసీ చలి. చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. భర్త ఉమేశ్ తలుపు దాకా వచ్చి, “మంచిగ వాయించు, నేనీడనే ఉంట,” అని బయటే ఆగిపోయాడు.

వత్సల నాందేడ్‌లో జాకెట్లు కుడుతుంది. నలభై దాటాక పియానో మీద మనసు పడింది. కుట్టుపని ముగించి, సాయంత్రాలు అదే ఊళ్లో వజీరాబాద్ పేటలో ఉన్న అంబాదాస్ సార్ క్లాసుకు వెళ్లేది. పక్కన నేర్చుకునే పిల్లలు పిన్నిని పిలిచినట్టు మరాఠీలో “కాకూ, ఆ వేలు కాదు!” అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. రెండు చేతులూ మొదటిసారి కలిసి పలికిన రోజు ఇంటికొచ్చి ఏడ్చింది.

ఈ మధ్య కుడిచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. సాధన తగ్గిందని సార్ మొదట కోప్పడ్డాడు. చివరికి ఆయనే ప్రాచి మేడమ్‌ను కలవమన్నాడు.

వత్సల మొదలుపెట్టింది. సార్ నేర్పిన చిన్న బాణీ. మొదటి వరుస బాగానే వచ్చింది. రెండోది ఎత్తుకోగానే చిటికెన వేలు ఆగిపోయింది.

నొక్కబోయింది. కదల్లేదు. పక్క వేలూ కదల్లేదు. ఆ చెయ్యి తనది కానట్టే ఉంది. సూదిలో దారం ఎక్కించేవి ఆ వేళ్లే. అవి లేకపోతే తనేం కావాలి?

“మేడమ్!” అనబోతే గాలి మాత్రమే వచ్చింది.

“ఈడ వద్దు,” తనలో తను అనుకున్నట్టు అంది ప్రాచి మేడమ్. తర్వాత గొంతు పెంచి, “తొందరేం లేదు అక్కా. మల్ల చూడు,” అంది.

వత్సల మళ్లీ నొక్కబోయింది.

చిటికెన వేలు అదిరింది. ఒక స్వరం పలికింది. తర్వాత ఇంకొకటి. కన్నీళ్లకు కీబోర్డు మెట్లు మసకబారుతున్నా వత్సల ఆపలేదు. తప్పులతోనే చివరిదాకా వాయించింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఆమె మెదడులోంచి గడ్డ చివరి ముక్క తీసి ట్రేలో పెట్టి, “అయిపోయింది, ఇగ తల మూసేద్దాం,” అంది ప్రాచి మేడమ్.