కందిరీగల జంట

"తలుపు గడియ పెట్టమ్మా," అన్నాడు ప్రొఫెసరు.

సహాయకురాలు పెట్టింది. మ్యూజియంలో ఈ మూలగదివైపు ఎవరూ రారు. చుట్టూ గాజు మూతల పెట్టెలు. వాటిలో సూదులకు గుచ్చిన కందిరీగలు. సాలీడుని కుట్టి, కదలకుండా పడేసి, బతికుండగానే పిల్లకు మేతగా పెట్టే రకాలు. వాటిని గుర్తుపట్టి పేర్లు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"నువ్వు పొరబడ్డావు."

"లేదు సార్. జతకట్టి ఉండగా నేనే వలేసి పట్టాను. ఆడది నల్లగా వేలెడంత ఉంది, మగది పసుపు చారలతో బక్కగా ఉంది. పోలిక లేదనేగా ఇన్నాళ్లూ రెండు జాతులనుకున్నారు? రెండూ ఒకటే!"

ఒకటే అయితే పాత పేరే నిలవాలి. అది రూలు. మగదాని పేరు పాతది. ఆడదానికి ఆయన, చనిపోయిన కూతురి పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఎలా పోయిందో ఆఫీసులో ఎవరూ ఎత్తరు. ఇప్పుడా పేరు కూడా చెరిగిపోతుంది. పాపం, ముసలాయనకు మిగిలిందే అది.

జాలేసి నవ్వించబోయింది. "పాత పేరూ మీరు పెట్టిందేగా సార్! పెళ్లయ్యాక ఇంటిపేరు మారిందనుకోండి, అంతే."

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గబుక్కున పెట్టె మూత ఎత్తాడు. ఫోర్సెప్స్‌తో మగ కందిరీగను సూదితో సహా పీకాడు.

"అయ్యో సార్! అది నలిగిందంటే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే!"

ఆయన చెయ్యి పట్టుకుంది. విదిలించి కొట్టాడు. ఆమె వెళ్లి గోడకు తగిలింది. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి! అరిచినా ఎవరికీ వినపడదు.

"రెండు జాతులనే రాయి. నీకు దణ్ణం పెడతాను. దాన్ని వాడి పేరు కిందకి తొయ్యకు."

"ఎవరి పేరు సార్?"

ఆయన ఫోర్సెప్స్ బల్లమీద పెట్టేశాడు.

"పెళ్లినాడు ముచ్చటపడి అల్లుడి పేరు పెట్టాను తల్లీ, నా బిడ్డ గొంతు నులిమింది వాడే."