చిన్నవయసు తల్లి కావలెను

"ట్రైపాడ్ మీద తడి తువ్వాలు ఆరేసింది ఎవరు?"

అడిగింది విద్యార్థిని. ఎవరో ఆమెకు తెలుసు.

"నేనే," అంది ఆఫీసరు, జుట్టు దువ్వుకుంటూ. బీమా కార్యాలయంలో ఆమె కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. ఇంటికొచ్చినా ఆ సంగతి మరిచిపోదు. "హాలు నడిమధ్యన నిలబెడితే ఏం చెయ్యాలి దాన్ని? దండం పెట్టాలా?"

"మూడు కాళ్లున్నవన్నీ దండేలు కావమ్మా."

"కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ నీకు మాట పెరిగిందమ్మా."

పెద్దాయన పేపరు దించలేదు. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో రిటైరైన మనిషి. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నప్పుడు కదలకుండా ఉండటమే క్షేమమని ఆయనకు తెలుసు.

విద్యార్థిని చిరాకుకు కారణం ఉంది. చిన్నవయసులోనే తల్లులైన అమ్మాయిల మీద డాక్యుమెంటరీ తియ్యాలి. రేపు పదింటికల్లా ప్లాన్ ఇవ్వాలి. కెమెరా ముందు కూర్చునే తల్లీ బిడ్డా ఖాయం కాకపోతే ప్లాన్ ముట్టుకోనని లెక్చరరు చెప్పేశాడు. ప్లాన్ లేకపోతే సెమిస్టరు గోవిందా.

నెల్లాళ్లు ఊరంతా తిరిగింది. టైలరింగ్ షాపు అమ్మాయి, మొహం కనిపించకుండా తీస్తే సరేనంది. తర్వాత గొంతు వినిపించకూడదంది. చివరికి, అసలు తను రాకుండా తీయడం కుదురుతుందా అని అడిగింది. ఆస్పత్రి నర్సు, ఎవరూ దొరక్కపోతే తానే నటిస్తానంది. ఆవిడకు యాభై దాటాయి. మూడో అమ్మాయి అన్నిటికీ ఒప్పుకుని, ఒక్కటే అడిగింది.

"నన్ను పాపం అన్నట్టు చూపిస్తారా, తప్పు చేసిందన్నట్టు చూపిస్తారా?"

విద్యార్థిని నోట్సు తిరగేసింది. ఆ అమ్మాయి చంకలో పిల్లను సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఇంకేదైనా తియ్యి," అంది ఆఫీసరు, చెప్పులు వేసుకుంటూ. "పిచ్చుకల మీద తియ్యి. అంతేగానీ అలాంటివాళ్లని మనింటికి తీసుకురాకు."

"అలాంటివాళ్లంటే?"

"ఆడుకునే వయసులో పిల్లల్ని కన్నవాళ్లు. చదువూ సంధ్యా లేకుండా."

విద్యార్థిని తువ్వాలు తీసి బాల్కనీలోకి వెళ్లి పిండింది. అవసరమైనదానికన్నా గట్టిగా.

ఆఫీసరు వెళ్లిపోయాక, కనీసం ప్రశ్నలైనా సరిచూసుకుందామనుకుంది. పదిహేడేళ్ల తల్లి పాత్రకు ఇంట్లో మిగిలింది అరవై రెండేళ్ల పెద్దాయనే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టింది.

"దీని తల ఎటు?"

"ఎటో ఒకవైపు అనుకోండి."

"అలా ఎలా? తల్లిని నేను."

కుట్టు ఊడిన వైపు తల అని తేల్చుకుని, దిండును జాగ్రత్తగా మోచేతి మీదికి తీసుకున్నాడు.

"మీ పెళ్లెప్పుడైంది?"

"లైటు కళ్లలో కొడుతోంది."

"పాత్రలో ఉండండి."

"చిన్నప్పుడే చేసేశారండీ," అన్నాడు సన్నని గొంతుతో. కళ్లు కూడా దించుకున్నాడు. విద్యార్థిని పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఏం చేసేవారు?"

ఈసారి ఆయన ఆలోచించలేదు.

"పక్కగదిలోకెళ్లి పడుకునేవాణ్ణి."

కెమెరా తిరుగుతూనే ఉంది. కాసేపటికి పెద్దాయన దిండును భుజానికెత్తుకుని వీపు మీద మెల్లగా తట్టాడు.

"ఆ ముక్క తీసెయ్," అన్నాడు మామూలు గొంతుతో.

ఆమె తీసెయ్యలేదు. నోట్సులో కొత్త పేజీ తిప్పి చిన్న తీసివేత లెక్క చేసింది. తప్పు పోయిందేమోనని మళ్లీ చేసింది. అదే వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర, కంచాలు పెడుతూ చెప్పింది.

"తల్లి దొరికింది."

"ఎన్నేళ్లకి కన్నదట?" అంది ఆఫీసరు.

"పదహారు."

"చూశావా నాన్నా?"

పెద్దాయన గ్లాసెత్తి మంచినీళ్లు తాగడం మొదలుపెట్టాడు. త్వరగా ముగించే ఉద్దేశం కనిపించలేదు.

"షూటింగు ఎక్కడ?" ఆఫీసరు వదల్లేదు.

"ఈ హాల్లోనే."

"ఇంటికి తీసుకురావద్దన్నానా లేదా?"

"వచ్చేసింది. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతుంది?"

ఆఫీసరు మెడ చాచి పడగ్గది వైపు చూసింది. తర్వాత వీధి తలుపు వైపు చూసింది. ఎక్కడా ఎవరూ లేరు.

పెద్దాయన గ్లాసు దించాడు. "మరి బిడ్డ?"

"అదే తేలలేదు. కాస్త మొండిది. నోరు కూడా పెద్దదే."

"ఇంత పిల్లకి నోరేంటి?" అంది ఆఫీసరు.

"ఆదివారం నీకు సెలవేగా, కెమెరా ముందు నా పక్కన కూర్చుని నువ్వే చెబుదువుగాని," అంటూ నలభై తొమ్మిదేళ్ల విద్యార్థిని, ముప్పై మూడేళ్ల తన కూతురి కంచంలో కూర వడ్డించింది.