ముందుకు జరగని సీటు

ఇవాళ అమ్మకు డ్రైవింగ్ పరీక్ష. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకున్నా బొటనవేలే బ్రేకుకు అందుతోంది.

"సీటు ముందుకు జరుపుకోమ్మా!" అన్నాను వెనకనుంచి. నెల రోజులుగా ఇదే మాట.

"నోర్మూసుకుని రోడ్డు చూడు."

"నడిపేది నువ్వు. చూడాల్సిందీ నువ్వే."

పరీక్ష పెట్టే అధికారి కిటికీలోంచి తొంగి చూశాడు. "దిండ్లేంటమ్మా, పడుకోడానికొచ్చారా? తీసేస్తేనే పరీక్ష."

అమ్మ ముఖం చిన్నబోయింది. ఆ సీటును అంత వెనక్కి జరుపుకున్నది పొడుగుకాళ్ల నాన్న. ఆయన పోయి ఏడాదైనా అమ్మ దాన్ని అంగుళం కదపనివ్వలేదు.

దిండ్లు నా ఒళ్లోకి విసిరేసి, సీటు కింద చెయ్యి పెట్టింది.

"ఏవండీ, కాస్త జరగండి. నాకు పనుంది."

తననేమో అనుకుని అధికారి గబుక్కున పక్కకు తప్పుకున్నాడు.