కిటికీ పక్క సీటు

"రెక్క వెనక పలకలు కిందికి దిగడం లేదు. ప్రయత్నిస్తున్నాం. లేదంటే విమానం మామూలు కంటే వేగంగా దిగాలి" అని పైలట్ మైకులో చెప్పాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, కిటికీ పక్కనున్న మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడైనా తేల్చండి. మీ తర్వాత బట్టల కొట్టు ఎవరికి?" అంది.

"ఇదా సమయం? మేనల్లుడికే అన్నానుగా!"

"మన అమ్మాయికేం తక్కువ?"

"అది అచ్చం నీ పోలిక. బేరం చేతకాదు."

విమానం ఒక్క కుదుపు కుదిపింది.

"అమ్మో! పలకలు దిగాయేమో చూడవే!"

"ముందు కొట్టు సంగతి."

"అమ్మాయికే! నీ మీద ఒట్టు!"

"దిగాయి. ఇక కళ్లు తెరవండి."

విమానం మెత్తగా నేల మీద వాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకెందుకో అనుమానం వచ్చింది.

"అవి దిగింది ఎప్పుడే?"

"మీరు మేనల్లుడి పేరెత్తినప్పుడే."

"మరి అప్పుడే చెప్పవేం?"

"చెబితే బేరం కుదిరేదా?" అంటూ సంచీ సర్దుకుంది.

భయంలో అన్న మాట చెల్లదనబోయి ఆగిపోయాను. అమ్మాయిది అచ్చం తల్లి పోలిక. మేనల్లుడికి ఇంకో ఉద్యోగం చూడాలి.