బైపీసీలో ఆఖరి సీటు

సింధూజకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను పదో తరగతి పరీక్ష రాయలేదన్న సంగతి కాలేజీవాళ్లకు తెలిసిపోతుందని.

ఇంటర్ పాసయ్యానని చెప్పి ఈ ఉద్యోగంలో చేరింది. సిద్దిపేటలో ఒక జూనియర్ కాలేజీ. అడ్మిషన్ల సీజన్. పది రాసిన పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయాలి, పిల్లలు ఏం కావాలనుకుంటున్నారో అడగాలి. ఇంజనీరంటే ఎంపీసీ. డాక్టరంటే బైపీసీ. సీఏ అంటే ఎంఈసీ. ఏ చదువుకు ఏ గ్రూపో, ఏ గ్రూపుకు ఏ పరీక్షో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. ఈ కుర్చీ పోతే అయిదేళ్ల కూతుర్ని ఏ బడికి పంపాలో మాత్రం ఆమెకు తెలియదు.

ఆ రోజు ఇన్‌చార్జి ప్రమీలాదేవి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఫీజు లేని నీట్ బ్యాచ్‌ల ఒక్కటే సీటు మిగిలింది సింధూ. ఇద్దరు పిల్లలు. టెస్టుల ఇద్దరికీ సమానంగ వచ్చినయ్. రెండిండ్లకు మాట్లాడు. ఎవలు పిల్లలను మధ్యల ఆపకుండ చదివిస్తరనిపిస్తే వాళ్లకు టిక్కు పెట్టు. నన్ను ప్రిన్సిపాల్ సార్ పిలుస్తుండు."

మొదటి పేరు ఎస్తేర్, కొండపాక. ఆ పిల్ల తల్లి మాట్లాడింది. "కైకిలి కూలికి పోయన్న సదివిస్త మేడం. ఆపను." అంతే, రెండు మాటలు.

రెండో పేరు రాకేశ్, కోహెడ. తండ్రి రాజనర్సు.

సింధూజ ఆ పేరు రెండుసార్లు చదివింది.

తొమ్మిదేళ్ల కిందట, పది పరీక్షలకు నెల ముందు, నలుగురు కూర్చున్న చోట "ఆడపిల్లకు గీ సదువు సాలు" అని తేల్చేసింది ఈ రాజనర్సే. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చినా వినలేదు. పరీక్షల రోజుకు ఆమె మెడలో పుస్తె ఉంది. పెళ్లయిన వారానికే మగ్గాల పనికి పోయే మొగుడితో భివండీ వెళ్లిపోయింది. తిరిగొచ్చి సిద్దిపేటలో కాపురం పెట్టి రెండేళ్లయినా కోహెడ బస్సు ఒక్కసారీ ఎక్కలేదు, ఫోనూ చేయలేదు.

నంబరు నొక్కింది.

"నమస్కారమండీ. కాలేజీ అడ్మిషన్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం." కాలేజీ నేర్పిన గొంతు. అందులో కోహెడ వాసన ఎక్కడా లేదు.

"ఆఁ చెప్పమ్మా. మా రాకేశ్‌గాని గురించేనా? వాడు డాక్టర్ కావాలంటుండు."

"ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా చదువుకున్నారా సార్?"

"ఎవలు లేరు. ఈడే మొదటోడు."

కాగితం మీద ఆ గడిలో 'లేరు' అని రాసింది.

"మీకు పత్తి చేన్లు ఉన్నాయట కదా సార్. డాక్టర్ చదువు ఎందుకు? పది చాలదా?"

కాగితంలో లేని ప్రశ్న అది. పక్క కుర్చీలో ఫోన్లు చేస్తున్న పిల్ల ఇటు తిరిగి చూసింది.

"గట్లనకు బిడ్డా," అన్నాడు రాజనర్సు. గొంతు ఒక్కసారిగా దిగింది. "చేన్ల ఏమున్నది, మట్టి. వాడు పొద్దుగాల లేస్తే పుస్తకమే. సీటు రాకపోతే ఆగమైతడు. నీ కాళ్లు మొక్కుత, జర చూడు."

కాళ్లు మొక్కుతానన్న మాట ఆమె రెండోసారి వినాలనుకుంది. "సరిగా వినపడలేదు సార్" అంది. ఆయన మళ్లీ అన్నాడు.

కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. రాకేశ్ గుర్తొచ్చాడు. ఏడేళ్ల పిల్లవాడు, ముక్కు కారుతూ, పలక పట్టుకుని తన వెనకే బడికి వచ్చేవాడు. వాడేం చేశాడు? పెన్ను వాడి పేరు దగ్గరికి పోయింది.

"ఇంకో అమ్మాయికీ ఇన్నే మార్కులు సార్. అందుకే ఆలోచిస్తున్నాం."

"అమ్మాయా?" రాజనర్సు తేలిగ్గా నవ్వాడు. "ఇంకేం ఆలోచన బిడ్డా? రేపు అత్తగారింటికి పోయేదానికి డాక్టర్ సదువెందుకు? ఆడపిల్లకు గీ సదువు సాలు. మావోనికే రాయి."

పెన్ను ఆగింది. తర్వాత పైకి జరిగింది. ఎస్తేర్ పేరు పక్కన టిక్కు పడింది. రాకేశ్ పేరు మీద అడ్డగీత పడింది. కాగితం చిరిగేంత గట్టిగా.

"సీటు ఆ అమ్మాయికి ఇచ్చేశాం సార్."

"ఏందీ? గిప్పుడేగా ఆలోచిస్తున్నమన్నవు. నీ పేరేంది? రేపొచ్చి మీ ప్రిన్సిపాల్‌నే అడుగుత. నువ్వెంత సదివినవో గది గూడ అడుగుత."

ఫోన్లో పేరు చెప్పకూడదని కాలేజీ రూలు. చెబితే ఈ మనిషి రేపు రాక మానడు. వస్తే అన్నీ బయటపడతాయి. కుర్చీ పోతుంది.

సింధూజ కాలేజీ గొంతు వదిలేసింది.

"నా పేరు సింధూజ. పది రాయలే. రాయనియ్యలే."

ఆమే ఫోన్ పెట్టేసింది.

కోహెడ వైపు పోయేవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఆ ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి రండి, ఫోన్ అలాగే చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డ రాజనర్సుకు తన పెద్దకూతురి పేరు ఇంకా గుర్తుందో లేదో.