గొంతు దిగని గుండు

మెర్వ్ టక్‌వెల్ తూటాల పెట్టె మూత తీసేసరికి రెండు అరలు ఖాళీగా ఉన్నాయి.

"టక్‌వెల్! నీ వంతే, తుపాకీతో వచ్చి చాప మీద బోర్లా పడుకో!" అని మైకులో పిలుస్తున్నారు. ఈ పూట తుపాకీ పోటీలో గురి తప్పకపోతే గెలిచినవాడికిచ్చే మల్లీ షీల్డు అతనిదే. ఇన్నేళ్ళూ ఊరించి ఊరించి తీరా చేతికందే వేళకి చివరి రెండు తూటాలూ లేవు. ఇంట్లో నింపేటప్పుడు తనే లెక్క తప్పి ఉంటాననుకున్నాడు.

పక్క బల్ల మీద డెస్ లిండ్నర్ పెట్టె తెరిచే ఉంది. అందులో సరిగ్గా రెండు తూటాలు మిగిలాయి. డెస్ తన వంతు ముగించుకుని టీ షెడ్డులో మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. అడిగితే లేదనే మనిషి కాదు. కానీ ఏ మొహం పెట్టుకుని అడగడం? డెస్ తూటాల కొసన ఉండేది బరువు గుండు, పొడుగ్గా ఉంటుంది. దానికి తగ్గట్టే తుపాకీలో తూటా కూర్చునే చోటికి ముందుండే 'గొంతు' పొడుగ్గా కోయించుకున్నాడు. మెర్వ్ తేలిక గుండు మనిషి, అతని తుపాకీ గొంతు పొట్టి. ఏడాదంతా ఇద్దరికీ ఇదే పోరు. ఇందాక డెస్ చివరి రెండు గుళ్ళూ గురిబోర్డు అంచుకి కొట్టుకుపోతే, "ఏరా డెస్, నీ కొంగగొంతు కక్కేసుకుందేంట్రా?" అని అందరి ముందూ వెక్కిరించింది మెర్వే. డెస్ మొహం ఎర్రబడింది, పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మెర్వ్ అటూ ఇటూ చూసి ఆ రెండూ జేబులో వేసుకున్నాడు.

తన తూటాలన్నీ నడిమధ్యనే తగిలాయి. ఇక మిగిలినవి దొంగ తూటాలు. మొదటిది పెట్టి, వెనక మూసే బోల్టు తోస్తే సగంలో మొరాయించింది. పొడుగు గుండు పొట్టి గొంతులో పట్టదని అతనికి తెలియక కాదు. ఆశ ఊరుకోనివ్వలేదు. అరచేత్తో ఒక్క దెబ్బ వేసి మూసేశాడు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడో లేదో మైకు అరిచింది.

"ఆపండి! కాల్పులు ఆపండి! తుపాకులు ఖాళీ చెయ్యండి!"

ఈసారి ఎప్పుడూ అడ్డొచ్చే కంగారూలు కాదు, పక్క పొలం గొర్రెలు. కంచె దాటి వచ్చి, గురిబోర్డుల ముందు తీరిగ్గా మేస్తున్నాయి.

మెర్వ్ బోల్టు వెనక్కి లాగాడు. ఇత్తడి తొడుగు మాత్రం ఊడి వచ్చింది. మందు పలుకులు తుపాకీ నిండా, చాప నిండా ఒలికిపోయాయి. గుండు లోపలే ఇరుక్కుంది.

చుట్టూ జనం మూగారు, టీ షెడ్డులోంచి డెస్ కూడా వచ్చాడు. క్లబ్బులో అందరి తుపాకులకీ గొంతులు కోసే నోరీన్ పాస్కో కూడా టీ కప్పుతోనే వచ్చింది.

"అంతా నీవల్లే!" మెర్వ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "గొంతు మరీ పొట్టిగా కోసి చచ్చావు! నా షీల్డు చేతులారా నాశనం చేశావు!"

ఆ మాటలంటుంటే తనకే రోతగా ఉంది. అయినా ఆగలేకపోయాడు.

"అరవకు నాయనా. నువ్వు తెచ్చిచ్చిన గుండు కొలతకే కోశాను. ఏదీ, ఇటియ్యి."

ఆమె గొట్టం మూతిలోంచి ఇత్తడి కడ్డీ దించి మెల్లగా తట్టింది. గుండు వెనక్కి జారి చాప మీద పడింది. పొడుగ్గా, నల్లపూతతో ఉంది. ఆ క్లబ్బులో నల్లపూత గుళ్ళు వాడేది ఒక్కడే.

"దీన్నా నువ్వు కాల్చబోయింది?" నోరీన్ గొంతు మారిపోయింది. "కాల్చి ఉంటే తుపాకీ నీ మొహం మీదే పేలేది. వెళ్ళి ఆ గొర్రెలకి దణ్ణం పెట్టుకో!"

అందరి చూపులూ డెస్ వైపు తిరిగాయి. మెర్వ్‌కి తల కొట్టేసినట్టయింది.

"నేనే ఇచ్చాన్లే," అన్నాడు డెస్, ఎటో చూస్తూ. "తక్కువయ్యాయంటే ఇచ్చాను. వాడి పొట్టిగొంతు సంగతి మర్చేపోయాను."

"ఇద్దరూ ఇద్దరే!" అంది నోరీన్. జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు.

మెర్వ్ నోరీన్ దగ్గరికెళ్ళి తప్పయిందన్నాడు. షీల్డు ఎవరికి పోయిందో కూడా వినిపించుకోలేదు. డెస్ బండిలో సామాను సర్దుకుంటుంటే వెళ్ళి తలొంచుకు నిలబడ్డాడు.

"నువ్వివ్వలేదు కదరా. నేను దొంగిలించాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి. అంతేగానీ ఇలా కాపాడకు, సిగ్గుతో చచ్చిపోతున్నాను."

డెస్ తలెత్తలేదు. ఎడమచేత్తో కుడిభుజం రుద్దుకుంటున్నాడు.

"నా పెట్టెలో ఆ రెండూ ఎందుకు మిగిలాయో అడగవేంట్రా? ఈ భుజం బరువు గుళ్ళ తన్నుడు ఓర్చుకోవడం లేదు. ఇన్నాళ్ళూ నిన్ను వెక్కిరించి, నీ తేలిక గుళ్ళు అడగడానికి నోరు రాలేదు. పొద్దున్నే నీ పెట్టెలోంచి రెండు తీశాను. ఇందాక అంచుకి పోయినవి నీ తూటాలేరా. నాది పొడుగు గొంతు కదా, కిక్కురుమనకుండా మింగేసింది."